బరువులెత్తడానికి తగిన హాయిస్ట్‌ను ఎంచుకోవడం ఎలా?

గొలుసుతోనో ఉక్కు తాడుతోనో బరువులను పైకి లేపి దించే సాధనమైన హాయిస్ట్ కొనాలనుకునే వారు సాధారణంగా అది ఎన్ని టన్నులదన్న విషయంతోనే మొదలుపెడతారు. అది తప్పనిసరిగా చూడవలసినదే అయినా, కొన్న తరువాత పని సాగకుండా ఇబ్బంది పెట్టేవి కొక్కెం ఎంత ఎత్తుకు వస్తుంది, గంటకు ఎన్నిసార్లు ఎత్తవలసి ఉంటుంది అన్న రెండు లెక్కలు.

ముందుగా ఎత్తవలసిన వాటిలో అన్నిటికన్నా బరువైనది ఎంత తూగుతుందో తెలుసుకోవాలి. తూచే వీలు లేకపోతే కొలతలను బట్టి లెక్కగట్టవచ్చు: ఉక్కు ఘనపు మీటరుకు సుమారు 7,850 కిలోలు ఉంటుంది కాబట్టి, మీటరు పొడవు, మీటరు వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు 78.5 కిలోలు తూగుతుంది. ఎత్తే యంత్రం గేర్‌బాక్సులో మిగిలిపోయిన నూనెను, కొక్కేనికి తగిలించే స్లింగులు (బరువును కట్టే తాళ్లు లేదా గొలుసులు), షాకిళ్ల (వాటిని కలిపే U ఆకారపు కొండీలు) బరువును కూడా ఇందులో కలపాలి. అన్నీ కలిపి 900 కిలోలైతే ఒక టన్ను హాయిస్ట్ సరిపోతుంది, 1,050 అయితే సరిపోదు. తయారీదారులు పెట్టే అదనపు బలం కుదుపులకూ అరుగుదలకూ ఉద్దేశించినదే తప్ప మనం వాడుకోవడానికి కాదు. హాయిస్ట్‌ను వేలాడదీసే దూలం ఆ బరువుతో పాటు హాయిస్ట్ బరువును, దాన్ని దూలం వెంట జరిపే చక్రాల బండి అయిన ట్రాలీ బరువును కూడా మోయగలదో లేదో ఇంజనీరు చేత లెక్క వేయించాలి.

తరువాత ఎత్తు. దూలం నేల నుంచి 4 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ట్రాలీ, హాయిస్ట్ కలిసి, పూర్తిగా పైకి లాగినప్పుడు దూలం నుంచి కొక్కెం దాకా 50 సెంటీమీటర్లు, స్లింగు 100, యంత్రం 120, దాన్ని దించవలసిన లారీ తొట్టి అడుగుభాగం నేల నుంచి 120 సెంటీమీటర్లు ఉంటే, మొత్తం 390 అవుతుంది. మిగిలేది 10 సెంటీమీటర్లే. స్లింగును పొట్టిది చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది గానీ, కొక్కెం నుంచి బరువు రెండు వైపులకు దిగే స్లింగు కాళ్లు పక్కలకు వాలిన కొద్దీ వాటిపై లాగుడు పెరుగుతుంది. కాళ్లు అడ్డగీతకు (నేలకు సమాంతరంగా) 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలిపై పూర్తి బరువంత లాగుడు పడుతుంది. అందువల్ల ఎత్తు చాలని చోట కొక్కెం దూలానికి దగ్గరగా వచ్చే లో హెడ్‌రూమ్ రకాన్ని తీసుకోవడమే మంచిది.

ఇక ఏ రకం కావాలన్నది ఎత్తే తరచుదనాన్ని బట్టి తేలుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు మోటారునో పంపునో లేపడానికి చేతితో లాగే చైన్ బ్లాక్ చాలు, కరెంటు కూడా అక్కరలేదు. అయితే టన్ను బ్లాకుపై బరువును ఒక మీటరు లేపాలంటే చేతి గొలుసును సుమారు 30 నుంచి 40 మీటర్లు లాగవలసి వస్తుంది కాబట్టి, రోజంతా సాగే పనికి అది పనికిరాదు. అలాంటి పనికి ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్‌ను, పెద్ద బరువులను ఎక్కువ ఎత్తుకు వేగంగా లేపాలంటే వైర్ రోప్ హాయిస్ట్‌ను చూడాలి.

ఎలక్ట్రిక్ రకంలో పలకపై ఉండే ఎం3, ఎం4, ఎం5 తరగతులను, అంటే యంత్రం ఎంత ఎడతెగని పనికి తగినదో చెప్పే గుర్తులను, తప్పక చదవాలి. ఎం4 తరగతి యంత్రం మోటారును సాధారణంగా పది నిమిషాల్లో మూడు నిమిషాలు నడిచేలా, గంటకు 180 సార్లు స్టార్ట్ అయ్యేలా రూపొందిస్తారు. ఈ సంఖ్య పెద్దదిగానే కనిపిస్తుంది. కానీ ఎత్తిన మోటారు పాదాలను బోల్టు రంధ్రాలపైకి తెచ్చేటప్పుడు మనిషి బటన్‌ను చిన్నగా పదే పదే నొక్కుతూనే ఉంటాడు, ప్రతి నొక్కూ ఒక స్టార్టే. అమరిక పనులు ఎక్కువగా ఉండే చోట నెమ్మది వేగం కూడా ఉన్న రెండు వేగాల హాయిస్ట్‌పై పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

పేలుడు స్వభావం గల వాయువులు ఉండే చోట ఆ వాతావరణానికి ధ్రువీకరించిన హాయిస్ట్‌నే, తడి, ఉప్పు గాలి ఉన్న చోట తుప్పు పట్టని గొలుసును ఎంచుకోవాలి. బరువును ఏటవాలుగానో అడ్డంగానో లాగవలసి ఉంటే చేతి పిడిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ లాగే లివర్ హాయిస్ట్ తీసుకోవాలి. తలపై వేలాడే హాయిస్ట్‌ను పక్కకు లాగితే గొలుసును దారిలో నడిపే గైడు దెబ్బతింటుంది, తాడైతే అది చుట్టుకునే డ్రమ్ము గాడి తప్పుతుంది.

యంత్రం చేతికొచ్చాక సామర్థ్యం పలక, పరీక్ష పత్రం, స్లింగు జారిపోకుండా కొక్కెం నోటిని మూసే సేఫ్టీ లాచ్ సరిచూసుకోవాలి. బిగించిన తరువాత అర్హులైన వారి చేత లోడు పరీక్ష చేయించి, మొదటి బరువును నేల నుంచి కొన్ని సెంటీమీటర్లే లేపి, ఆపి, బ్రేకు జారడం లేదని నిర్ధారించుకున్న తరువాతే పైకి తీసుకెళ్లాలి.