కోస్తా ప్రాథమిక పాఠశాల భద్రత: పైకి కనిపించే లక్షణం, అసలు కారణం, చేయవలసిన పని

శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను దృష్టిలో పెట్టుకొని, వాటి ప్రధానోపాధ్యాయులకూ తల్లిదండ్రుల కమిటీ సభ్యులకూ ఉపయోగపడేలా రాసిన వివరణ ఇది. పెద్ద ప్రమాదాలకు ముందు చిన్న సూచనలు చాలాకాలంగా కనిపిస్తూనే ఉంటాయి. చిక్కు ఏమిటంటే, సూచన కనిపించిన చోట కారణం ఉండదు. పెచ్చు ఊడిపడేది తరగతి గదిలోనే అయినా దాని కారణం డాబా మీద ఉంటుంది. పిల్లవాడు నీళ్లు తాగకపోవడానికి కారణం మరుగుదొడ్డి తలుపు దగ్గర ఉండవచ్చు. కనిపించిన చోటనే పూత పూసి ఊరుకుంటే ఆ సమస్య మరుసటి వర్షాకాలానికి మళ్లీ వస్తుంది, తుపాను సమయంలో అయితే ప్రాణాల మీదికి తెస్తుంది.

స్లాబు అడుగున తుప్పురంగు చారలు, ఊడిపడుతున్న పెచ్చులు

పెచ్చు ఊడటానికి చాలా ముందే స్లాబు అడుగున తుప్పురంగు చారలు కనిపిస్తాయి. తడి వల్ల ఏర్పడే మామూలు మరకలు వంకరటింకరగా ఉంటాయి కానీ, ఈ చారలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, లోపలి ఇనుప చువ్వ ఎటు పోతే అటే సాగుతాయి. పొడవాటి కర్రతో అక్కడ తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చినంత మేర సుద్దముక్కతో గీత గీసి, దాని కింద ఉన్న బల్లలను ఆ రోజే తీసివేయాలి. మరమ్మతు మంజూరయ్యే వరకు పిల్లలను అక్కడే కూర్చోబెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఉప్పుగాలిలోని లవణాలు, డాబా మీద నిలిచిన నీరు కాంక్రీటు సందుల్లోంచి దిగి చువ్వను చేరుకుంటాయి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ ఒత్తిడికి చువ్వ కింది కాంక్రీటు పగిలి పొరగా విడిపోతుంది. కట్టినప్పుడు ఉప్పునీరు వాడినా, చువ్వ కింద కాంక్రీటు మందం చాలకపోయినా ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. తనిఖీకి ముందు సిమెంటు పూసి రంగు వేయించడం మనకు అలవాటైన చికిత్స. రంగు వేసినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు సరికదా, హెచ్చరికగా ఉపయోగపడే చార కూడా కంటికి కనిపించకుండా పోతుంది.

మరమ్మతు డాబా పైనుంచి మొదలు కావాలి. వేపచెట్టు పక్కన ఉన్న బడి డాబా ఎక్కి చూస్తే, నీరు బయటికి పోయే గొట్టాల నోటి దగ్గర రాలిన ఆకు కుళ్లి మట్టిగా మారి, అందులో రావి మొక్క వేరు దిగి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ మొక్కను వేరుతో సహా తీయించి, గొట్టాలు శుభ్రం చేయించి, నీరు నిలిచే పల్లాలను సరిచేసి, నీరు ఇంకకుండా పూత వేయించిన తరువాతనే కింది పని చేపట్టాలి. ఆ పనికి పిల్లలను పైకి ఎక్కించకూడదని వేరుగా చెప్పనవసరం లేదు, అయినా చెప్పవలసి వస్తున్నది. అడుగున వదులైన కాంక్రీటును చువ్వ వెనుక వరకు చెక్కి తీసి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. చువ్వ సన్నబడి ఉంటే ఇది తాపీ మేస్త్రి తేల్చే విషయం కాదు, ఇంజనీరు చూసి ఆ గదిని వాడవచ్చో లేదో రాతపూర్వకంగా చెప్పాలి.

గోడల పగుళ్ల విషయంలో పగులు ఉందా లేదా అన్నదాని కంటే అది పెరుగుతున్నదా లేదా అన్నది ముఖ్యం. పగులు రెండు చివరలా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేస్తే కొన్ని వారాలలో సంగతి తెలుస్తుంది. దూలం స్తంభాన్ని కలిసే చోట ఏటవాలుగా పగులు వస్తే మాత్రం వారాల తరబడి చూడకుండా వెంటనే గది ఖాళీ చేయాలి.

నీళ్ల సీసా నిండుగానే ఇంటికి తిరిగి వస్తున్నది

ఇది తల్లులు ముందుగా గమనించే లక్షణం. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో కూడా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నీళ్లు తాగకుండా ఉంటారు. కుండలో నీళ్లు బాగుండకపోవడం ఒక కారణం కావచ్చు గానీ, ఎక్కువగా కారణం మరుగుదొడ్డిలో ఉంటుంది. తలుపుకు లోపలి గడియ లేదు, లేదా ఉన్నా పెద్దల ఎత్తులో ఉంది. కుళాయికి నీళ్లు రావు. లేదా తాళంచెవి ఉపాధ్యాయుల బల్ల సొరుగులో ఉండి, అడగటానికి పిల్లకు సిగ్గు. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. అవి వాడటానికి వీలుగా ఉన్నాయా అన్నది మాత్రం ఒకటో తరగతి పిల్ల ఎత్తుకు వంగి చూస్తేనే తెలుస్తుంది. గడియను కిందికి దింపించడం, తాళం తీసివేయడం, గంట కొట్టి అందరూ ఒకేసారి నీళ్లు తాగే విరామం పెట్టడం పెద్దగా ఖర్చు లేని పనులు, వీటికి ఏ మంజూరు కోసమూ ఆగనక్కర లేదు.

మాక్ డ్రిల్‌లో (ప్రమాద సమయంలో బయటపడే సాధనలో) నవ్వులు, తోపులాట, ఒకే తలుపు దగ్గర గుంపు

పిల్లలకు క్రమశిక్షణ లేదని దీన్ని తీసిపారేయడం పొరపాటు. హెచ్చరిక గంట, భోజనం గంట ఒకే రకంగా మోగితే పిల్లలు పళ్లేల కోసం పరుగెత్తినట్టే పరుగెత్తుతారు. ప్రమాద సూచనకు ఈల గానీ, ఆగకుండా కొట్టే గంట గానీ ప్రత్యేకంగా ఉండాలి. రెండవ కారణం భవనంలో ఉంటుంది: తలుపులు లోపలికి తెరుచుకోవడం, వరండా గ్రిల్లుకు తాళం, గడప దగ్గర చెప్పుల గుట్ట, వెనుక తలుపుకు అడ్డంగా పాత బెంచీలు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో భోజనం వంటగది నుంచి పుట్టిన మంట తాటాకు కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘటన తరువాత దాఖలైన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు పాఠశాలల అగ్నిమాపక భద్రతపై ఆదేశాలు ఇచ్చింది. అయినా పశువులు వస్తాయనో, పిల్లలు రోడ్డు మీదికి పోతారనో బడి వేళలో గ్రిల్లుకు తాళం వేసే అలవాటు చాలాచోట్ల పోలేదు. లోపలి నుంచి ఎవరైనా తీయగల గొళ్లెం పెడితే ఆ రెండు భయాలూ తీరుతాయి.

మూడవ కారణం ప్రణాళికలోనే ఉంది. బీరువాలో దాచిన విపత్తు ప్రణాళికలో శోధన బృందం, ప్రథమ చికిత్స బృందం, సమాచార బృందం, రవాణా బృందం అని నాలుగు పేర్లు రాసి ఉంటాయి. బడిలో ఉన్నదేమో ఇద్దరు ఉపాధ్యాయులు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయితే అదీ లేదు. అలాంటి చోట బృందాల పట్టికను పక్కన పెట్టి, ఐదో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి పిల్లను జత చేయడం, వంటమనిషికీ ఆయాకూ ఒక్కొక్క తలుపు అప్పగించడం, ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చేతపట్టుకొని అందరికంటే చివర బయటికి రావడం అనే మూడు పనులనే పదేపదే సాధన చేయించాలి. నడవలేని బిడ్డ, వినికిడి లేని బిడ్డ ఉంటే వారితో ఎవరు ఉండాలో పేరుతో సహా నిర్ణయించాలి, ఎందుకంటే ఈల అందరికీ వినపడదు.

గుమికూడే స్థలం ఎంపికలోనూ పొరపాటు జరుగుతుంది. నీడ కోసం ప్రహరీగోడ పక్కన నిలబెట్టడం, వర్షం వస్తున్నదని చెట్టు కిందికి తీసుకుపోవడం రెండూ ప్రమాదకరమే. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో ఉన్న పిల్లలు ఇరుకు వీధిలో ఇరుపక్కల ఇళ్లు కూలి మరణించారు. వారు గదుల్లో లేరు, బయటే ఉన్నారు. కాబట్టి గోడ ఎంత ఎత్తు ఉందో అంతకు మించిన దూరంలో, కరెంటు తీగలు లేని చోట సున్నంతో గుర్తు వేయాలి. మనకు భూకంపాలు రావన్న ధీమా కూడా తగదు: 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అది ఉదయం ఏడున్నర ప్రాంతంలో వచ్చింది కాబట్టి బడులు ఇంకా తెరవలేదు. పిడుగుల సంగతి ఇందుకు భిన్నం. ఉరుము వినపడగానే ఆటస్థలంలోని పిల్లలను పక్కా గదిలోకి తేవాలి, చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంట వరకు బయటికి పంపకూడదు.

తుపాను హెచ్చరిక రోజున ఇంటికి పంపిన పిల్లలు వీధిలో కనిపిస్తున్నారు

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, ఆదివారం తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే పలాస ప్రాంతాన్ని తాకింది. తుపాను రాక ముందుగానే తెలుస్తుంది కాబట్టి గాలి వీచే సమయంలో బడి నడవటం అరుదు. పాఠశాల వైపు నుంచి ప్రమాదం ఉన్నది అంతకు ముందు రోజున, ఆ తరువాతి వారంలో. సెలవు ప్రకటన మధ్యాహ్నం వస్తుంది, గంట కొట్టి పిల్లలను వదిలేస్తారు. తల్లిదండ్రులు పొలంలోనో, రొయ్యల చెరువు దగ్గరో, వేట నుంచి పడవలు లాగుతూ ఒడ్డునో ఉంటారు. ఇంటికి తాళం. పిల్లవాడు చెరువు గట్టుకు చేరతాడు.

దీనికి కారణం తొందర మాత్రమే కాదు, పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలో బడిలో రాసి లేకపోవడం. హాజరుపట్టీలోని ఫోను నంబర్లలో చాలావరకు మారిపోయి ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలానికి ముందే ప్రతి బిడ్డకూ తల్లిదండ్రులు కాక మరో ఇద్దరి పేర్లు, అంటే అమ్మమ్మో, పక్కింటి పిన్నో, వారి నంబర్లతో రాసుకొని, ఒక ప్రతిని ప్రధానోపాధ్యాయుల దగ్గర, మరొక ప్రతిని గ్రామ సచివాలయంలో ఉంచాలి. పంపే రోజున వీధుల వారీగా జట్లు కట్టి, తీసుకున్నవారి చేత సంతకం పెట్టించుకోవాలి. చివరి బిడ్డ వెళ్లే వరకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, అత్యవసర సేవల నంబరు 112, అంబులెన్సు 108 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

వంటగదిలో గ్యాసు వాసన, భోజనం తరువాత వాంతులు

వాసన వస్తే రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, స్విచ్ వేయకుండా, వేసి ఉన్నది ఆర్పకుండా గ్యాసు లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. తరచుగా దోషం రబ్బరు గొట్టంలో ఉంటుంది. దాని మీద గడువు సంవత్సరం ముద్రించి ఉంటుంది, ఎవరూ చదవరు. అదనపు సిలిండరును తరగతి గదిలో దాచడం కనిపిస్తే అది ఆ రోజే బయటికి పోవాలి.

భోజనం విషయంలో, వడ్డించే ముందు రుచి చూసినట్టు రాసే రిజిస్టరు ఉత్త సంతకాల పుస్తకంగా మారిపోవడమే కారణం. బిహార్‌లోని సారణ్ జిల్లాలో 2013 జూలై 16న పురుగుమందు కలిసిన వంట వల్ల 23 మంది పిల్లలు చనిపోయారు. పురుగుమందు ఖాళీ డబ్బాలో నూనె పోసి తేవడం మన పల్లెల్లోనూ ఊహించలేనిది కాదు. నూనె సీలు వేసిన ప్యాకెట్‌లోనే రావాలి, ఫినాయిలు, బ్లీచింగు వంటగదిలో ఉండకూడదు, వండినవారూ ఒక ఉపాధ్యాయుడూ తిని కొంతసేపు ఆగిన తరువాతనే వడ్డించాలి. చేదుగా ఉందని వంటమనిషి గానీ, పిల్లలు గానీ చెబితే తినమని బలవంతం చేయకూడదు.

తడి గోడను తాకితే కరెంటు జిల్లుమంటున్నది

మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించే వరకు ఆ గది మూయాలి. ఎర్తింగు గుంత ఎండిపోవడం, తీగ తెగిపోవడం సాధారణ కారణాలు. ఎర్తింగు సరిచేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించడం తప్పనిసరి.

హుషారుగా ఉండే బిడ్డ ఉన్నట్టుండి ముడుచుకుపోవడం, బడికి రానని మొరాయించడం

మొదట చూడవలసింది బెత్తం. శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది, కానీ బెత్తం లేకపోయినా తరగతి ముందు నిలబెట్టి ఎగతాళి చేయడం సాగుతూనే ఉంటుంది. తోటి పిల్లల వేధింపు, ఆటోలో ఎవరి ఒడిలో కూర్చోబెడుతున్నారన్నది, సాయంత్రం ఖాళీ గదిలో ఎవరు ఉంటున్నారన్నది ఆ తరువాత చూడాలి. బిడ్డను పదిమంది ముందు ప్రశ్నించకుండా, చెప్పింది చెప్పినట్టు వినాలి. లైంగిక వేధింపు అనుమానం వస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం విధి. బడి పరువు కోసం పెద్దమనుషుల పంచాయితీలో సర్దుబాటు చేయడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు.

వరద తగ్గింది, బడి తెరవాలి, కానీ వాసన, తడి, పాములు

పునరావాస కేంద్రంగా వాడిన బడిని మరుసటి రోజే తెరవాలన్న ఒత్తిడి ఉంటుంది. తెరవడానికి ముందు పెద్దలు పొడవాటి కర్రతో బెంచీల కింద, కట్టెల గుట్టల్లో, నీళ్ల ట్యాంకు చుట్టూ వెతకాలి. పాము కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం మాని, కాటు పడిన భాగం కదలకుండా ఉంచి వెంటనే విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ట్యాంకును ఖాళీ చేసి కడిగి, మంచి బ్లీచింగు పొడిని వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల లెక్కన కలిపి గంట ఆగాలి. వరద తరువాత నీరు మురికిగా ఉంటే ఈ మోతాదు చాలదు కాబట్టి చివరి మాట కొలతదే: పంచాయతీ దగ్గర ఉండే క్లోరిన్ పరీక్ష కిట్టుతో కుళాయి నీటిని చూసి, మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే మళ్లీ కలపాలి. ఆ లెక్క తేలేవరకు పిల్లలు ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లే తెచ్చుకోవాలి. తడిసిన స్విచ్ బోర్డులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. హాజరుపట్టీలు, ప్రవేశ రిజిస్టర్లు ఈసారి తడిసి ఉంటే, వాటిని నేల అరల్లోంచి తీసి పై అరలో, ప్లాస్టిక్ సంచిలో ఉంచే ఏర్పాటు ఈ శుభ్రతతో పాటే పూర్తి చేయాలి.