ముసురు పట్టకముందే నాగజెముడు కుండీ జరపండి

ఏప్రిల్, మే ఎండలు తిరుపతిలో మనల్ని మాడుస్తాయి గానీ కుదురుకున్న నాగజెముడును ఏమీ చేయవు. దాని గండమంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో. 2021 నవంబరు వరదలప్పుడు మా మిద్దె మీది కుండీ రోజుల తరబడి నానింది. మట్టలు పచ్చగానే ఉన్నాయి కదా అనుకున్నాను. తర్వాత చూస్తే మొదలు గుజ్జయిపోయింది. ఆరేళ్లు పెంచిన మొక్క.

అందుకే దసరాలోపే సన్‌షేడ్ కిందికి, వెలుతురు తగిలేచోటికి మార్చేయండి. కింది ప్లేటు తీసేసి, కుండీ రంధ్రం పూడిపోయిందేమో చూడండి. మట్టి మార్చే పని మాత్రం ఇప్పుడొద్దు. తెగిన వేళ్లు తడిలో కుళ్లుతాయి. ఫిబ్రవరిలో చేసుకోవచ్చు.

అసలు దెబ్బ తగిలేది జరిపేటప్పుడే. పెద్ద ముళ్లు కంటికి కనిపిస్తాయి, వాటితో భయం లేదు. వాటి మొదట్లో కుచ్చులా ఉండే సన్నటి నూగుముళ్లతోనే బాధ. ఒక్కోదానికి కొక్కేల్లాంటి అంచులుంటాయి, దిగితే ఊడిరావు. కుందేలు చెవుల్లాంటి మట్టల రకానికి పెద్ద ముళ్లుండవని పిల్లల చేతికి ఇస్తుంటారు. దయచేసి ఇవ్వకండి, దాని ఒళ్లంతా ఈ నూగే.

గుడ్డ గ్లౌజులు వద్దు. నూగు అందులోనే ఉండిపోయి మళ్లీ తొడిగినప్పుడు గుచ్చుకుంటుంది. న్యూస్‌పేపరును నాలుగైదు మడతలు పెట్టి మొక్క నడుముకు పటకాలా చుట్టి పట్టుకోండి, ఇంకొకరు కుండీ ఎత్తాలి. జరిపేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి.

గుచ్చుకుంటే రుద్దకండి, నోటితో పీల్చకండి. మంచి వెలుతురులో ట్వీజర్‌తో తీసినన్ని తీసి, మిగిలినవాటిపై ఫెవికాల్ పల్చగా రాసి, గాజుగుడ్డ అద్ది, పూర్తిగా ఆరాక నెమ్మదిగా లాగండి. కంట్లో పడితే ఇంటి వైద్యం వద్దు, కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

అప్పటికే మొదలు మెత్తబడిందా? పైనున్న గట్టి మట్టను శుభ్రమైన కత్తితో కోసి, వారం నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక కలిపిన ఎర్రమట్టిలో నిలబెట్టండి. మొక్క మళ్లీ వస్తుంది.

కోసేసిన ముక్కల్ని ఖాళీ స్థలాల్లో గానీ శేషాచలం కొండల పక్కన గానీ పారేయకండి. నేల తగిలితే చాలు, వేరు పోసుకుంటాయి. పొలాలను కమ్మేసిన నాగజెముడును చంపడానికి 1926లో శ్రీలంక నుంచి ప్రత్యేకంగా పురుగును తెప్పించాల్సి వచ్చింది. ముక్కల్ని అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, చెత్తబండి వచ్చినప్పుడు లోపల ముళ్లున్నాయని చెప్పి ఇవ్వండి. చెత్త ఎత్తేవాళ్లలో చాలామంది ఉత్త చేతులతోనే చెత్త వేరు చేస్తారు.