అమెరికాలో టోర్నడోలు, వరద ఒకే రాత్రి వస్తే తెల్లవారేదాకా ఎలా కనిపెట్టుకుని ఉండాలి?

మన కోస్తాకు తుపాను వస్తుందంటే నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. పేరు పెడతారు, రేవుల్లో హెచ్చరిక నంబరు ఎగరేస్తారు, తీరం ఎక్కడ దాటుతుందో మ్యాపు చూపిస్తారు. టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కన్సా, టెన్నెసీ వైపు ఉంటున్న తెలుగువాళ్లకు ఎదురయ్యే టోర్నడో (మేఘం నుంచి నేలదాకా దిగే భీకరమైన సుడిగాలి) ఇలా రాదు. ముందురోజు తెలిసేది ‘ఈ చుట్టుపక్కల రావచ్చు’ అని మాత్రమే. ఏ వీధి మీదికి వస్తోందో తేలేసరికి చేతిలో పది నిమిషాలుంటే గొప్ప. రాత్రయితే ఆ పది నిమిషాలూ నిద్రలోనే పోతాయి. రాత్రి టోర్నడో ప్రాణం తీసే అవకాశం పగటిదానికంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ.

రాత్రంతా ఫోన్లో రాడార్ చూస్తూ కూర్చోమని చెప్పడం లేదు. నిద్రపోయినా హెచ్చరిక మిమ్మల్ని లేపేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. మెలకువగా ఉన్నవాళ్లు ఏం చూడాలో, ఎప్పుడు చూడటం మానేసి లేవాలో తెలిసి ఉండాలి.

1. పగలే రెండు మ్యాపులు చూడండి

మొదటిది ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్‌ది. ముప్పును ఐదు మెట్లుగా చెబుతారు: మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై. ‘స్లైట్’ అన్న పేరు చూసి తేలిగ్గా తీసుకోకండి. ఆ మెట్టు మీద కూడా ఇళ్లు లేచిపోయిన రోజులున్నాయి. రంగు ఒక్కటే చూసి ఊరుకోకుండా టోర్నడో శాతాల మ్యాపు తెరవండి. అక్కడ 10 శాతం అని ఉంటే మీకు 25 మైళ్ల లోపు టోర్నడో వచ్చే అవకాశం పదింట ఒకటి అని అర్థం. వాన జోస్యంలో పది శాతమంటే గొడుగు కూడా తీయం. కానీ టోర్నడోల విషయంలో పది చాలా పెద్ద అంకె.

ఈ మ్యాపు రోజుకు ఐదుసార్లు మారుతుంది. డాలస్, హ్యూస్టన్, నాష్‌విల్ లాంటి సెంట్రల్ టైం ఊళ్లలో వేసవి గడియారం (డేలైట్ సేవింగ్) ప్రకారం రాత్రి 1, ఉదయం 8, 11:30, మధ్యాహ్నం 3, రాత్రి 8 గంటలకు. రాత్రి 8 గంటల మ్యాపును చాలామంది వదిలేస్తారు. పడుకునే ముందు చూడాల్సింది అదే.

రెండో మ్యాపు మేరీలాండ్‌లోని వెదర్ ప్రెడిక్షన్ సెంటర్ ఇచ్చే అధిక వర్షపాత సూచన. దీనిలో నాలుగే మెట్లు, పై మెట్టు ‘హై’ అంటే 70 శాతం. రెండు మ్యాపుల్లోనూ మీ ఊరు రంగులో ఉంటే, ఒకే రాత్రి గాలి, నీళ్లు రెండూ వచ్చే పరిస్థితి అన్నమాట. 2025 ఏప్రిల్ 2న మిసిసిపీ నది మధ్య భాగంలో అదే జరిగింది. ఒక ఫ్రంట్, అంటే చల్లగాలి, వేడిగాలి కలిసే గీత, కదలకుండా నిలిచిపోయింది. మొదటి రాత్రి టోర్నడోలు, ఆ తర్వాత రోజుల తరబడి అదే గీత మీద వాన.

2. సాయంత్రం: అలారం మూడు దారుల్లో పెట్టుకోండి

ఒక దారి మూసుకుపోతే ఇంకోటి పనిచేయాలి. అందుకే మూడు.

మొదటి దారి ఫోన్. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో అట్టడుగున ఉండే గవర్నమెంట్ అలర్ట్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయా చూడండి. ఆండ్రాయిడ్‌లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని వెతకండి. ఎప్పుడో అర్ధరాత్రి తప్పిపోయిన పిల్లవాడి అలర్ట్ మోగిందని విసుక్కుని అన్నీ కలిపి ఆఫ్ చేసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకుంటే ఏ అలర్టూ రాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల రోమింగ్ సిమ్ మోగుతుందని నమ్ముకోవద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: టోర్నడో వార్నింగ్ ఏదైనా ఫోన్ మోగుతుంది గానీ, ఆకస్మిక వరద వార్నింగ్‌కు అలా కాదు. దాని మీద ‘కన్సిడరబుల్’ లేదా ‘కెటాస్ట్రాఫిక్’ అన్న ముద్ర ఉంటేనే మోగుతుంది. మామూలు వరద వార్నింగ్ చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది.

రెండో దారి నోవా వెదర్ రేడియో, అంటే ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో. పాతకాలపు సరుకులా కనిపిస్తుంది గానీ నా లెక్కలో ముగ్గురిలో నమ్మకస్థుడు ఇదే. ఇంటర్నెట్ అక్కర్లేదు, సెల్ టవర్ అక్కర్లేదు. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానళ్లు ఉంటాయి. స్పష్టంగా వినిపించేది ఎంచుకోండి. తర్వాత మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరంకెల కోడ్ ఎక్కించాలి: డాలస్ కౌంటీ 048113, కాలిన్ 048085, డెంటన్ 048121. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కోడ్ పెట్టకపోతే ఎక్కడో వంద మైళ్ల అవతలి హెచ్చరికకూ మోగుతుంది, రెండు రాత్రులు అయ్యాక ప్లగ్ పీకేస్తారు. మీ కోడ్‌తో పాటు పడమర, నైరుతి వైపు ఆనుకుని ఉన్న కౌంటీ కోడ్ కూడా పెట్టండి, ఎక్కువ గాలివానలు అటునుంచే వస్తాయి. ఫ్రిస్కో అయితే కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ పరుచుకుని ఉంది, రెండూ ఎక్కించాల్సిందే. లోపల బ్యాటరీలు వేయడం మరిచిపోవద్దు, కరెంటు పోయాక పనికొచ్చేది అవే.

వీధి సైరన్ ఈ లెక్కలోకి రాదు. అది బయట ఉన్నవాళ్ల కోసం పెట్టింది. తలుపులు మూసుకుని ఏసీ వేసుకుని పడుకున్నవాళ్లకు వినపడకపోతే అది దాని తప్పు కాదు.

మూడో దారి మనిషి. ఇక్కడ మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. డాలస్‌లో వేసవి గడియారం ప్రకారం రాత్రి 10 అయితే హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం 8:30. మీరు గాఢనిద్రలో ఉన్న రాత్రి 2 గంటలకు అక్కడ మధ్యాహ్నం 12:30. అన్నయ్యకో మేనత్తకో పని అప్పజెప్పండి: నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మీ జిప్ కోడ్ కొట్టి అరగంటకోసారి చూడాలి, టోర్నడో వార్నింగ్ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్. డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా ఆ నంబరు మోగేలా ముందే అనుమతి ఇచ్చి, ఒకసారి చేయించి చూడండి. అక్కడినుంచి అడగాల్సింది ‘బాగున్నావా’ అని కాదు, ‘లే, బాత్రూంలోకి పో’ అనాలి.

3. గది సిద్ధం చేయండి

టెక్సాస్ ఇళ్లకు సాధారణంగా బేస్‌మెంట్ ఉండదు. కింది అంతస్తులో, బయటి గోడ, కిటికీ లేని చిన్న గది కావాలి: మాస్టర్ క్లాజెట్, మెట్ల కింద అర, లోపలి బాత్రూం. మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ అయితే కింద ఉండేవాళ్లను సాయంత్రమే అడిగి పెట్టుకోండి, అర్ధరాత్రి రెండింటికి తలుపు కొట్టి పరిచయం చేసుకునే పని పెట్టుకోవద్దు. మొబైల్ హోంలో ఉన్నవాళ్లు వాచ్ (టోర్నడో రావచ్చన్న ముందస్తు హెచ్చరిక) రాగానే గట్టి భవనానికి వెళ్లిపోవాలి.

గదిలో ముందే పెట్టాల్సినవి: బూట్లు (చెప్పులు కాదు, నేలంతా గాజు ముక్కలు ఉంటాయి), తలకొక హెల్మెట్, టార్చి, ఛార్జ్ నింపిన పవర్ బ్యాంక్, విజిల్, పాస్‌పోర్టులూ వీసా కాగితాలూ ఉన్న ప్లాస్టిక్ సంచి. క్రికెట్ హెల్మెట్ భేషుగ్గా పనికొస్తుంది. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు రేడియో, ఫోన్ అలారం చప్పుళ్లు ఒకసారి వినిపించి, ఏ గదిలోకి వెళ్లాలో నడిపించి చూపించండి.

4. వాచ్ వచ్చిందా, వార్నింగ్ వచ్చిందా?

పాలు పొయ్యి మీద పెట్టామంటే వాచ్, పొంగుతున్నాయంటే వార్నింగ్. వాచ్ కొన్ని కౌంటీలు కలిపి ఆరేడు గంటలకు ఇస్తారు. దాని మీద ‘పర్టిక్యులర్లీ డేంజరస్ సిట్యుయేషన్’ అని ఉంటే ఇంట్లో ఒకరు మెలకువగా ఉండాలి, వంతులు వేసుకోండి. వాచ్‌కు ముందు తరచుగా ‘మెసోస్కేల్ డిస్కషన్’ అనే చిన్న నోటు వస్తుంది. రాత్రి ప్రయాణం ఉంటే దాన్ని చూసి మానుకోవచ్చు.

వార్నింగ్ స్థానిక ఆఫీసు ఇస్తుంది. మ్యాపు మీద బహుభుజిగా గీస్తారు, సాధారణంగా అరగంట, ముప్పావుగంట ఉంటుంది. అందులో ‘సోర్స్’ అన్న వరస చదవండి. ‘రాడార్ ఇండికేటెడ్’ అంటే మేఘంలో తిరుగుడు కనిపించింది. ‘అబ్జర్వ్‌డ్’ లేదా ‘రాడార్ కన్ఫర్మ్‌డ్’ అంటే నేల మీదే ఉంది. ‘టోర్నడో ఎమర్జెన్సీ’ అంటే పెద్ద టోర్నడో జనం ఉన్న చోటికి వస్తోంది. ఏది వచ్చినా మీరు చేసే పని ఒక్కటే, గదిలోకి వెళ్లడం. మొదటిదానికి కదలకుండా రెండోదాని కోసం ఎదురుచూడటమే రాత్రుళ్లు జరిగే పొరపాటు.

5. రాడార్ చూసేవాళ్లకు

ఫోన్లో కదిలే ఎర్ర మచ్చ ఇప్పటిది కాదు. రాడార్ ఒక చుట్టు పూర్తిచేయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఉచిత యాప్‌లు ఇంకాస్త ఆలస్యంగా చూపిస్తాయి. గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే గాలివాన ఐదు నిమిషాల్లో ఐదు మైళ్లు జరుగుతుంది. కాబట్టి ముందు బొమ్మ మీద ఉన్న టైం చూడండి. ‘జెడ్’ అని ఉంటే యూటీసీ, సెంట్రల్ వేసవి గడియారానికి అందులోంచి ఐదు గంటలు తీసేయాలి.

వాన బొమ్మలో తోక దగ్గర కొక్కెంలా వంగిన ఆకారం వెతకండి. తర్వాత వెలాసిటీ బొమ్మకు మారండి. ఆకుపచ్చ రాడార్ వైపు వచ్చే గాలి, ఎరుపు దూరంగా పోయే గాలి. ఈ రెండూ ముదురు రంగుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అక్కడ గాలి సుడి తిరుగుతోంది. మూడోది కోరిలేషన్ కోఎఫిషియంట్, అంటే గాల్లో ఉన్నవి ఎంత ఒకే తీరుగా ఉన్నాయో చెప్పే అంకె. వాన చుక్కలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఇది 1కి దగ్గరగా ఉంటుంది. సరిగ్గా ఆ సుడి ఉన్న చోటే 0.8 కంటే పడిపోతే, గాల్లో తిరుగుతున్నది వాన కాదు, ఇంటి కప్పులు, చెట్ల కొమ్మలు. టోర్నడో అప్పటికే నష్టం చేస్తోందన్నమాట. సుడి లేని చోట ఇది తగ్గిందని కంగారు పడొద్దు, పిట్టలూ పురుగులూ కూడా అలాగే కనిపిస్తాయి.

రాడార్ చూడలేనివి కూడా ఉన్నాయి. భూమి గుండ్రం, కిరణం సూటి. 100 కిలోమీటర్ల దూరంలో అట్టడుగు కిరణం కూడా దాదాపు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున పోతుంది, దాని కింద ఏం జరుగుతోందో కనిపించదు. వరసగా వచ్చే గాలివానల గీతలో పుట్టే చిన్న టోర్నడోలు రెండు చుట్ల మధ్యలో పుట్టి పోతాయి. ‘బొమ్మలో ఏమీ లేదు’ అనుకుని వార్నింగ్‌ను కాదనకండి. చీకట్లో, వాన తెరల మధ్య బాల్కనీలోంచి చూసినా కనపడదు. 2020 మార్చి 3 తెల్లవారుజామున 2 గంటలకు కాస్త ముందు టెన్నెసీలోని కుక్‌విల్ దగ్గర నేలను తాకిన టోర్నడో ఆ ఒక్క కౌంటీలోనే 19 మందిని చంపింది.

మీరు బహుభుజి లోపల ఉంటే యాప్ మూసేయండి. లోపలున్నవాళ్లకు రాడార్‌తో పని లేదు.

6. గాలి కిందికి పొమ్మంటుంది, నీళ్లు పైకి పొమ్మంటాయి

రెండు వార్నింగులూ ఒకేసారి ఉన్నప్పుడు ఇదే చిక్కు. ముందు టోర్నడోకు తలవంచండి, అది నిమిషాల్లో పోతుంది. కింది అంతస్తు లోపలి గదిలో ఉండి, నీళ్లు లోపలికి వస్తే అప్పుడు పైకి వెళ్లండి. నీళ్లు చేరే బేస్‌మెంట్, కాలువ, వంతెన కింది తూము మాత్రం వద్దే వద్దు. 2013 మే 31న ఓక్లహోమా సిటీ చుట్టుపక్కల సరిగ్గా అలాగే టోర్నడో నుంచి దాక్కోవడానికి వాననీటి తూముల్లోకి దిగినవాళ్లు వరదకు కొట్టుకుపోయారు.

కారెక్కి పారిపోవాలన్న ఆలోచన కూడా అంతే. 2015 డిసెంబరు 26 సాయంత్రం డాలస్ శివారు గార్లండ్‌లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది హైవే కూడలి దగ్గర వాహనాల్లో ఉన్నవాళ్లే. నీళ్ల లెక్క గుర్తుంచుకోండి: పారే నీరు ఆరు అంగుళాలుంటే మనిషి పడిపోతాడు, ఒక అడుగు చిన్న కారును, రెండు అడుగులు చాలా వాహనాలను లాక్కుపోతాయి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు ఉందో కోసుకుపోయిందో తెలియదు.

వాన కోసం రాడార్‌లో చూడాల్సింది వేగం కాదు, దారి. ఒకదాని వెనుక ఒకటిగా, రైలు పెట్టెల్లా అదే ఊరి మీదుగా మేఘాలు పోతుంటే గంటకు రెండు అంగుళాలు పడొచ్చు. వాగు, నది పక్కన ఉంటే యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) నీటిమట్టం గ్రాఫ్ తెరిచి పెట్టండి, మీ ఇంటిది కాదు, ఎగువన ఉన్న కేంద్రానిది. గ్రాఫ్ హఠాత్తుగా ఆగిపోతే నీరు తగ్గిందనుకోవద్దు, పరికరమే కొట్టుకుపోయి ఉండొచ్చు. 2025 జులై 4న టెక్సాస్ కెర్ కౌంటీలో మొదటి వరద వార్నింగ్ రాత్రి 1:14కి వచ్చింది, ఎమర్జెన్సీ 4:03కి. గ్వాడలూప్ నది ముప్పావుగంటలో 20 అడుగులకు పైగా లేచింది. నది ఒడ్డున క్యాబిన్లలో నిద్రపోతున్నవాళ్లకు 1:14 నాటి కబురే అసలైన కబురు.

7. తెల్లవారాక

వార్నింగ్ గడువు తీరిందంటే మీ మీదున్న మేఘం దాటిపోయిందని మాత్రమే. బయటికి వచ్చేముందు పడమర వైపు ఇంకో గీత వస్తోందా, వాచ్ ఇంకా ఉందా చూడండి. తెగిన తీగలున్న నీళ్లలో అడుగు పెట్టొద్దు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా బయటికి రండి. ఇండియాకు ఒక మెసేజ్ పెట్టండి, లైన్లు రద్దీగా ఉన్నప్పుడు కాల్ కంటే మెసేజే త్వరగా పోతుంది.

నదులకు మాత్రం ఆ రాత్రి ఇంకా అయిపోలేదు. 2025 ఏప్రిల్ 2న మొదలైన వానలకు కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో నది 48 అడుగులు దాటి గరిష్ఠ మట్టం చేరింది ఏప్రిల్ 7న. నేషనల్ వాటర్ ప్రెడిక్షన్ సర్వీస్ మ్యాపులో మీ ఆఫీసు దారిలో ఉన్న నది కేంద్రం నొక్కి, ‘క్రెస్ట్’ (గరిష్ఠ మట్టం) అని ఏ తేదీ రాసి ఉందో చూడండి. ఆ తేదీ దాటేదాకా వేరే దారి పట్టండి.