ధనుర్మాసంలో మంచు కొండలకి: బెజవాడ నుంచి వెళ్ళి స్కీయింగ్ ఫొటోలు తీయడం ఎలా?

డిసెంబరు 16న ధనుర్మాసం పట్టిందంటే బెజవాడ పెళ్ళి ఫొటోగ్రాఫర్ల డైరీలు ఖాళీ అయిపోతాయి. పుష్యం కూడా శూన్యమాసమే. మాఘంలో ముహూర్తాలు మొదలయ్యేదాకా పెద్దగా పనుండదు. సరిగ్గా అవే రోజుల్లో కాశ్మీరులో చిల్లై కలాన్ నడుస్తుంటుంది. డిసెంబరు 21న మొదలయ్యే ఆ నలభై రోజులూ అక్కడ చలి ముదిరే కాలం, గుల్మార్గ్ కొండల మీద మంచు ఆరబోసిన వరిపిండిలా పరుచుకునే కాలం. మనకి పనిలేని రోజులూ అక్కడ మంచు కురిసే రోజులూ ఇలా కలిసిరావడం వల్లే నేను ఈ పనిలోకి వచ్చాను.

మన వైపు నుంచి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు ఫోన్ చేసి ముందు అడిగేది ఏ కెమెరా, ఏ లెన్స్ అనే. నేను మాత్రం ముందు కాళ్ళ గురించి, తర్వాత మంచులో కూరుకుపోయిన మనిషిని వెతకడానికి వాడే బీకన్ గురించి చెప్పి, ఆ తర్వాతే కెమెరా సంగతికి వస్తాను. ఈ వ్యాసం కూడా అదే వరసలో రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. స్కీ రిసార్టులో తాళ్ళు కట్టి, గస్తీ వాళ్ళు తనిఖీ చేసే హద్దు ఒకటుంటుంది. ఆ హద్దు దాటాక ఉండే కొండనే బ్యాక్‌కంట్రీ అంటారు. అక్కడ దారి ఉండదు, బోర్డు ఉండదు, పడితే ఎత్తుకెళ్ళడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు. మీ జట్టులో ఉన్న నలుగురే మీకు దిక్కు, వాళ్ళకి మీరు దిక్కు.

అక్టోబరులో: కాళ్ళు, ఊపిరి

మన ఊరు సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల ఎత్తు కూడా లేదు. గుల్మార్గ్ ఊరే 2650 మీటర్లు. గండోలా అనే తీగమార్గం రెండో దశ ఎక్కి అఫర్‌వట్ కొండ భుజం మీద దిగితే దాదాపు 3950 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరుండే దాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. వీపు మీద పన్నెండు కిలోల సంచితో, మోకాళ్ళ లోతు మంచులో పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సిందే.

అందుకని కనీసం రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు ఎక్కండి. మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఇందుకు బాగా పనికొస్తాయి. ఆదివారం కొండపల్లి ఖిల్లా. మొదటి వారం ఖాళీ సంచి, తర్వాత వారం రెండు లీటర్ల నీళ్ళ సీసాలు మూడు, అలా పెంచుకుంటూ పన్నెండు కిలోల దాకా రండి. ఎక్కడం కంటే బరువుతో దిగడం మీద ఎక్కువ మనసు పెట్టండి. స్కీయింగ్ మొత్తం వంచిన మోకాళ్ళ మీదే నడుస్తుంది, తొడ కండరం గట్టిపడేది దిగేటప్పుడే.

స్కీయింగ్ రాకుండా ఈ పని లేదు

కొండ మీద నుంచి కిందికి రావాలంటే మీరూ స్కీల మీదే రావాలి. గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో ఉన్న పర్వతారోహణ సంస్థ స్కీయింగ్ కోర్సులు నడుపుతాయి. రెండూ ప్రభుత్వ సంస్థలే. మొదటి శీతాకాలం పూర్తిగా నేర్చుకోవడానికి పెట్టుకోండి. కెమెరా రిసార్టు హద్దు లోపలే వాడండి. 2020లో మొదలైన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో మంచు మీద ఆటలు గుల్మార్గ్‌లో జరుగుతాయి. వేగంగా వచ్చే మనిషిని ఫ్రేములో పట్టుకోవడం నేర్చుకోవడానికి అలాంటి పోటీలు మంచి బడి.

వయసు మీద పడ్డాక నేర్చుకోలేమేమో అని వెనక్కి తగ్గకండి. నేను మొదటిసారి స్కీలు కట్టుకునేసరికి ముప్ఫై నాలుగేళ్ళు. నిలబడి మలుపు తీసుకోవడానికి వారం పట్టింది.

నవంబరులో: గుంటూరు జిన్నింగ్ మిల్లు

ఇది నేను కనిపెట్టుకున్న దారి. ఎవరికైనా గట్టిగా చెప్తాను.

మనకి మంచు అంటే సంక్రాంతి పొద్దున బ్యారేజీ మీద కమ్ముకునే పొగమంచు. నేల మీద తెల్లగా పేరుకునే మంచుని ఫొటో తీసే అలవాటు మనకెక్కడుంది? కానీ గుంటూరు చుట్టుపక్కల పత్తి మిల్లులున్నాయి. నవంబరు నుంచి అక్కడ పత్తి గుట్టలు మనిషి ఎత్తు దాటి ఉంటాయి. అనుమతి అడిగి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. గుమస్తాగారు చూసి, "దూదినేం తీస్తావబ్బాయ్, మిరపకాయల యార్డుకి పో, రంగుంటది" అన్నారు.

ఎండలో ఉన్న ఒక గుట్టని కెమెరా చెప్పిన కొలత ప్రకారమే తీశాను. తెర మీద చూస్తే దూది కాదు, బూడిద. ఎందుకంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు, దానికి ఏది చూపించినా మధ్యస్థమైన బూడిద రంగు అనుకునే కొలుస్తుంది. తెలుపు ఎక్కువైతే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మంచులోనూ ఇదే జరుగుతుంది. దీనికి విరుగుడు ఎక్స్‌పోజర్‌ని మనమే ఒక స్టాపు నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పెంచడం. పెంచుతూ పోతే ఒక చోట దూది పోగుల గీతలు మాయమై తెల్లకాగితం అయిపోతుంది. దానికి కొంచెం ఇవతల ఆగాలి. తెర మీద వెలుగు లెక్క చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకి దగ్గరగా జరగాలి, అంచుని గుద్దుకోకూడదు. ఆగాల్సిన ఆ చోటు ఎక్కడుందో మీ కెమెరాలో మీ వేళ్ళకి తెలియాలి. మంచులో గ్లౌజులతో మెనూలు వెతుక్కునే టైముండదు.

అక్కడే ఇంకోటి తెలిసింది. కూలీలు పత్తి ఎత్తిపోస్తుంటే గాల్లో నూగు లేస్తుంది. ఆటోఫోకస్ మనిషిని వదిలేసి ఆ నూగుని పట్టుకుంటుంది. స్కీయర్ మలుపు తీసుకున్నప్పుడు లేచే మంచు పొడి కూడా ఇంతే. దీనికి రెండు మార్గాలు. ఒకటి, ఫోకస్ బటన్‌ని షట్టర్ నుంచి విడదీసి వెనక బటన్‌కి మార్చుకుని, పొడి లేచే క్షణంలో వేలు తీసేయడం. రెండోది, మనిషి ఎక్కడికి వస్తాడో ముందే తెలిస్తే అక్కడ ఫోకస్ కట్టి పెట్టుకుని, అతను వచ్చాక కొట్టడం. నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను. కదిలే మనిషితో సాధన చేయడానికి మన దగ్గర కబడ్డీ కోర్టులున్నాయి, భవానీ ద్వీపం దగ్గర పడవలున్నాయి.

ఎండ పూర్తిగా ఉన్న రోజు ఐఎస్ఓ 200, షట్టర్ సెకనులో 1600వ వంతు, ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టండి. మాన్యువల్‌లోనే ఉంచండి. నల్లటి దేవదారు చెట్ల ముందు నుంచి మనిషి తెల్లటి వాలు మీదికి వచ్చినంత మాత్రాన అతని మీద పడే ఎండ మారదు కదా.

బీకన్, ప్రోబ్, పార

ఈ మూడూ లేకుండా హద్దు దాటొద్దు. అద్దెకి దొరికినా సరే, వాడటం నేర్చుకోకుండా దాటొద్దు.

బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో. 457 కిలోహెర్ట్జ్ మీద నిరంతరం సంకేతం పంపుతుంది. ఎవరైనా మంచుచరియ కింద కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్లని వెతికే పద్ధతికి మార్చి, బాణం గుర్తూ, దూరం చెప్పే అంకెలూ చూసుకుంటూ దగ్గరికి వెళ్ళాలి. తర్వాత ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీతో పొడిచి మనిషిని పట్టుకోవాలి. తర్వాత పారతో తవ్వాలి. కదిలి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వడం కుదరదు. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటేసరికి బాగా పడిపోతుంది.

మొదటిసారి సాధనలో మా గైడ్ ఒక బీకన్‌ని సంచిలో చుట్టి మంచులో పాతి, నన్ను వెతకమన్నారు. నా తెర మీద అంకెలు 22, 9, 31, 14 అంటూ ఎటుపడితే అటు దూకుతున్నాయి. ఆయన నడుచుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా నా జాకెట్ జిప్పు లాగి, గుండె జేబులో ఉన్న ఫోన్ తీసి సంచి అడుగున పెట్టారు. అంతే, అంకెలు కుదురుకుని 14, 11, 8 అని దిగసాగాయి. ప్రోబ్ మెత్తటి సంచికి తగిలినప్పుడు కడ్డీలో వచ్చిన ఆ చిన్న ఎదురు ఇప్పటికీ అరచేతికి గుర్తుంది. తవ్వి తీసేసరికి పదకొండు నిమిషాలు. "ఫిర్ సే" (మళ్ళీ చెయ్యి) అన్నారు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా చేశాం.

ఫొటోగ్రాఫర్లకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కెమెరా మన ఛాతీ మీదే వేలాడుతుంది. ఫోను, కెమెరా, వాకీటాకీ, వేడి చేసే గ్లౌజులు అన్నీ బీకన్‌ని గందరగోళపరుస్తాయి. మామూలుగా ఉన్నప్పుడు వీటిని బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. వెతకాల్సి వస్తే కెమెరా పక్కన పడేయండి. రెండు లక్షల లెన్స్ అయినా సరే.

కొండ మీద: ఎక్కడ నిలబడాలి?

మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. స్కీయర్లు ఇష్టపడేదీ, ఫొటోలో అందంగా కనిపించేదీ ఆ వాలులే. తుపాను వెలిసిన మర్నాడు కొత్త మంచు, నీలాకాశం చూస్తే చెయ్యి ఆగదు. ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ ఒకటి రెండు రోజులే. డీఆర్‌డీవో కింద పనిచేసే డీజీఆర్‌ఈ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదం స్థాయిని 1 నుంచి 5 దాకా అంకెల్లో లెక్కిస్తారు. 3 మధ్యలో ఉందిగా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ స్థాయిలో ఒక్క మనిషి బరువుకే చరియ విరగొచ్చు. గైడ్ వద్దంటే ఆ రోజు అడవిలో, తక్కువ వాలులో తీసుకోండి. మబ్బు రోజున కూడా చెట్ల మధ్యే మంచిది. బయట నేలా ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోతాయి, చెట్ల నలుపు ఉంటేనే వాలు కనిపిస్తుంది.

వాలు కింద ఎదురుగా నిలబడితే ఫొటో గొప్పగా వస్తుందనిపిస్తుంది. చరియ విరిగితే వచ్చి పడేది అక్కడే. పక్కన మిట్ట మీదో, దట్టమైన చెట్ల వెనకో చోటు చూసుకోండి. శిఖరం అంచున గాలికి పేరుకున్న మంచు చూరులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కింద ఏమీ ఉండదు. దాని మీదికి అడుగు వేయొద్దు.

మీ చోటికి వెళ్ళేటప్పుడు ఫ్రేములో పడే మంచుని తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్ళాలి. ముగ్గు వేయడానికి కళ్ళాపి చల్లిన వాకిట్లో అడుగు పెడతామా? ఇదీ అంతే. ఒక వాలుని ఒక్కసారే తీయగలం, స్కీయర్ దిగాక అతని స్కీల గీత మంచు మీద ఉండిపోతుంది. కాబట్టి మాట్లాడుకోవడం ముందే అయిపోవాలి. మలుపు ఎక్కడ కావాలో చెప్పడానికి నేను ఒక మంచు ముద్ద విసిరి గుర్తు పెడతాను. "ఆ ముద్దకి రెండు గజాలు పైన ఎడమకి తిరుగు, నీ మొహం నా వైపు ఉండాలి" అని వాకీటాకీలో చెప్తాను. అతను "త్రీ, టూ, వన్" అని లెక్కపెట్టి దిగుతాడు. నేను రెడీ అనకుండా అతను దిగడు, అతను దిగి చోటు చేరేదాకా నేను కదలను.

బట్టల రంగు ముందు రోజే అడగండి. ఎరుపు, పసుపు, నారింజ బాగుంటాయి. తెలుపు, లేత నీలం మంచు నీడల్లో కలిసిపోతాయి.

చలిలో సామాను

రెండు లెన్సులు చాలు, ఒక 70–200 మిల్లీమీటర్ల జూమ్, ఒక వెడల్పాటిది. ట్రైపాడ్ ఇంట్లో పెట్టండి. చలికి బ్యాటరీలు త్వరగా చచ్చుబడతాయి, అందుకే అదనపువి ఒంటికి ఆనుకునే లోపలి జేబులో ఉండాలి. చచ్చిందనుకున్నది వెచ్చబడ్డాక మళ్ళీ కొంత పనిచేస్తుంది, పారేయకండి. లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదొద్దు, ఆవిరి అక్కడికక్కడే గడ్డ కడుతుంది. రబ్బరు బ్లోయర్ వాడండి.

సాయంత్రం వెచ్చటి గదిలోకి వచ్చేముందు, బయటే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయండి. మే నెలలో ఏసీ గదిలోంచి బయటికి రాగానే మన కెమెరా అద్దం చెమర్చడం బెజవాడ ఫొటోగ్రాఫర్లకి చెప్పక్కర్లేదు. ఇదీ అదే చెమ్మ. కవరు బయట పట్టిన చెమ్మ ఆరి, లోపల కెమెరా గది వేడికి వచ్చేదాకా గంటా రెండు గంటలు తెరవొద్దు. కార్డు కావాలంటే ముందే తీసుకోండి.

బట్టల్లో నూలు ఒక్కటీ వద్దు. పత్తి పండే నేల నుంచి వెళ్ళేవాళ్ళకి ఈ మాట కష్టంగానే ఉంటుంది. కానీ చెమటకి తడిసిన నూలు బనీను కొండ మీద ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వేసుకోండి. నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి, మంచు మీది ఎండ ఒక్క పూటలో కళ్ళని దెబ్బతీస్తుంది.

ప్రయాణంలో అదనపు లిథియం బ్యాటరీలూ పవర్‌బ్యాంకులూ విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీరులో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. విదేశాల్లో వాడే శాటిలైట్ మెసెంజర్లని అనుమతి లేకుండా తేవొద్దు, మన చట్టం ఒప్పుకోదు. గుల్మార్గ్ చేరాక రెండు రాత్రులు ఊళ్ళోనే ఉండి, అప్పుడు పైకెక్కండి.

డబ్బు

మొదటి సీజన్ ఖర్చు మీ జేబులోంచే. గైడ్ ఫీజులో బేరమాడొద్దు. ఫొటోలు కొనేది స్కీ గైడ్ సంస్థలు, హోటళ్ళు, పర్యాటక శాఖలు, బట్టలూ సామానూ అమ్మే కంపెనీలు. రోజుకింత అనేది వేరు, ఫొటో ఎక్కడ, ఎన్నాళ్ళు వాడుకుంటారనే దానికి ఇచ్చేది వేరు. రెండూ కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. ఒకసారి నేను నోటిమాట మీద ఇచ్చిన ఫొటో మూడేళ్ళు ఒక కంపెనీ గోడల మీద ఉంది, నాకు వచ్చింది ఒక రోజు కూలీ. స్కీయర్ దగ్గర కూడా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎంచిన ఫొటోలు అతనికి ఉచితంగా పంపండి, ప్రాణం పెట్టి దిగింది అతను.

బెజవాడ చేరిన రోజే సామాను మొత్తం ఫ్యాను కింద ఆరబెట్టండి. మన తేమకి లెన్సుల్లో బూజు పడుతుంది, సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. స్కీ బూట్ల లోపలి తొడుగులు విడదీసి నీడన పెట్టండి. బీకన్‌లో ఆల్కలైన్ బ్యాటరీలుంటే తీసేయండి, మన వేసవికి అవి కారి లోపలి రేకులు తినేస్తాయి. వచ్చే అక్టోబరులో కొత్తవి వేసి, ముందు ఇంట్లోనే ఎవరిచేతైనా ఇంకో బీకన్‌ని ఒక గదిలో దాయించి వెతికి చూసుకోండి.