నాన్న పట్టించుకోవట్లేదా, ఆయనకు వినపడట్లేదా?

అమ్మ వంటింట్లోంచి "పాలు తెచ్చారా?" అని అడిగితే నాన్న "కాలు బాగానే ఉంది, నొప్పి తగ్గింది" అన్నారు. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వేశారు. మల్కాజిగిరిలో మాది రోడ్డు మీద ఇల్లు, ఈ హారన్ల గోలలో ఎవరికి మాత్రం సరిగ్గా వినపడుతుందిలే అనుకుని ఇంకో రెండేళ్లు ఊరుకున్నాం.

మీరు ఊరుకోకండి.

వయసుతో వచ్చే వినికిడి లోపం వాల్యూమ్ తగ్గించినట్టు ఉండదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలుంటాయి, అవి ఒకసారి దెబ్బతింటే మళ్లీ పుట్టవు, సాధారణంగా ముందు దెబ్బతినేవి సన్నటి, కీచు శబ్దాలను పట్టుకునేవి. అ, ఊ, ఓ లాంటి అచ్చులు బాగానే చెవికి చేరతాయి కానీ స, త, ప, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే 'పాలు' కాస్తా 'కాలు' అవుతుంది. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. కొడుకు మాట అందుతుంది, మనవరాలి సన్నటి గొంతు అందదు, దాంతో ఇంట్లోవాళ్లు "ఆయనకు కావాల్సినవి మాత్రం బాగానే వినిపిస్తాయి" అనేస్తారు. ఆ మాట పెద్దవాళ్లను ఎంత బాధపెడుతుందో!

ఏం గమనించాలంటే, టీవీ సౌండ్ పెరుగుతూ పోవడం, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకోవడం, ప్రతిదానికీ "ఆఁ?" అనడం, లేదా ఏమీ అడక్కుండా తల ఊపేయడం. నలుగురు కూర్చున్న చోట మాట్లాడటం మానేసి పక్కకు వెళ్లిపోతున్నారంటే దాన్ని మూడీగా ఉన్నారని కొట్టిపారేయకండి. మతిమరుపేమో అని మేమూ టెన్షన్ పడ్డాం, అసలు మాట చెవిన పడితే కదా గుర్తుండేది.

ఇంట్లో చిన్న పరీక్ష చేయొచ్చు. ఫ్యాన్, టీవీ ఆపి, మీ పెదాలు కనపడకుండా వాళ్ల వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. ఒక చెవిని మూయించి, "నాలుగు, క, ఏడు" లాంటి మూడు ముక్కలు గుసగుసగా చెప్పి తిరిగి చెప్పమనండి. తప్పితే వేరే మూడు చెప్పండి. మొత్తం ఆరింటిలో సగం కూడా చెప్పలేకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే. రెండో చెవికీ ఇలాగే. ఇది అనుమానం తీర్చుకోడానికే, సరిగ్గా చెప్పారని అసలు పరీక్ష మానేయొద్దు.

ముందు ఈఎన్‌టీ డాక్టర్ గుబిలి ఉందేమో చూస్తారు, కొందరికి అది తీసేస్తేనే సగం సమస్య పోతుంది. పిన్నీసులు, వేడి నూనె మాత్రం వద్దు. తర్వాత ఆడియోమెట్రీ, అంటే అసలు వినికిడి పరీక్ష, బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా (250 నుంచి 8000 హెర్ట్జ్) ఒక్కో చెవిని విడిగా చూసి గ్రాఫ్ ఇస్తారు, ఆ కాగితం దాచుకోండి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ పరీక్ష లేకుండా ఆన్‌లైన్లో చెవి మెషిన్ (హియరింగ్ ఎయిడ్) కొనకండి.

ఒక్క విషయంలో ఆలస్యం అస్సలు వద్దు. ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి వినపడటం తగ్గిపోతే అది ఎమర్జెన్సీ, ఆ రోజే వెళ్లండి, మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

మెషిన్ పెట్టిన మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా చిరాకు పెడుతుంది, చాలామంది అక్కడే తీసి బీరువాలో పడేస్తారు. రోజూ కొద్ది కొద్దిగా పెట్టించండి, ఇబ్బందిగా ఉంటే సెట్టింగ్ మార్పించండి. అరవకండి, అరిస్తే అచ్చులే పెరుగుతాయి, మాట ఇంకా చెదిరిపోతుంది. ఎదురుగా, వెలుతురులో నిలబడి కాస్త నిదానంగా చెప్పండి, అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా వేరే మాటల్లో చెప్పి చూడండి. పెళ్లిళ్లకు వెళ్తే ఫంక్షన్ హాల్లో స్పీకర్లకు దూరంగా, వీపు గోడవైపు ఉండేలా కూర్చోబెట్టి, మీరు వాళ్లకు బాగా వినపడే చెవి పక్కన కూర్చోండి.