గినీ పిగ్ కేజ్ తంటాలు: తుమ్ములు, దాక్కోవడం, చువ్వలు కొరకడం

గినీ పిగ్‌కి ఏదో తేడా చేసిందనగానే చాలామంది ముందు మేత మారుస్తారు, తర్వాత కూరగాయలు మారుస్తారు, ఆఖరికి మందుల దాకా వెళ్తారు. కేజ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని ముక్కు ఎక్కడ ఉంటుందో తమ ముక్కు అక్కడ పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ. చేతిలో కొలత టేపు కూడా ఉంటే ఇంకా మంచిది. మేత, నీళ్లు, విటమిన్ సి సంగతి మీకు తెలుసనుకుని నేరుగా కేజ్ దగ్గరికే వస్తున్నాను.

రాత్రంతా చువ్వలు కొరుకుతోంది, జంట మధ్య కొట్లాటలు

దాదాపు ఎప్పుడూ చోటు చాలకపోవడమే. డబ్బా మీద ‘గినీ పిగ్‌లకు’ అని రాసి ఉందని కొనేస్తారు. ఆ రాతని వదిలేసి లోపలి నేల కొలవండి. రెండిటికి కనీసం 7.5 చదరపు అడుగులు కావాలి, అంటే 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. పొడవు 50 అంగుళాలకు పెంచితే సుమారు 10.5 చదరపు అడుగులు వస్తుంది, హాయిగా పరిగెడతాయి. రెండూ మగవైతే ఈ పెద్ద కొలతతోనే మొదలుపెట్టండి. పై అంతస్తుని లెక్కలో కలపకండి. ఇవి ఎక్కే జీవాలు కావు, నేల మీద పరిగెత్తేవి.

మీరు ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు మాత్రమే చువ్వలు కొరికితే అది జబ్బు కాదు, మీరు నేర్పిన అలవాటు.

పగలంతా గూట్లోంచి బయటికి రాదు

కేజ్ నడిచే దారిలో ఉందా? నేల మీద ఉండి మనుషులు పైనుంచి వంగి చూస్తున్నారా? పైనుంచి వచ్చే నీడ అంటేనే వీటికి వేటగాడు. రెండు వైపులా గోడ ఉన్న చోటికి జరిపి, గట్టి బల్ల మీద నడుము ఎత్తులో పెట్టండి. టీవీకి, స్పీకర్లకి, వాషింగ్ మెషీన్‌కి దూరంగా ఉంచండి. మన వినికిడి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే వీటిది 40 కూడా దాటిపోతుంది, మీకు నిశ్శబ్దంగా అనిపించే మూల దానికి అలా ఉండకపోవచ్చు. కేజ్ లోపల దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక్కో గూడు, ప్రతి గూటికీ రెండు దారులు. గూళ్లు తీసేస్తే అదే అలవాటు పడుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, భయం ముదురుతుంది.

తుమ్ములు

నన్ను ఎక్కువసార్లు తిప్పలు పెట్టింది ఇదే. తుమ్ము వినగానే అందరికీ తోచేది చలిగాలి తగిలిందని. వెంటనే కేజ్‌ని మూలకి నెట్టి మూడు వైపులా దుప్పటి కప్పుతారు. తుమ్ములు పెరుగుతాయి. అప్పుడు దుప్పటి ఇంకో మడత వేస్తారు.

చాలాసార్లు అసలు దోషి అమోనియా. మూత్రంలోని యూరియాని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుట్టే వాయువు ఇది. తడి, వెచ్చదనం, గాలి ఆడకపోవడం కలిస్తే త్వరగా పోగవుతుంది. దుప్పటి కప్పడమంటే ఆ మూడిటినీ ఒకచోట చేర్చడమే. ఆ ఘాటుకి ముక్కు లోపలి పొర మండుతుంది, శ్వాసనాళాలని శుభ్రం చేసే సన్నని నూగు దెబ్బతింటుంది. ఆ మీదట మామూలుగా ఊరుకునే క్రిములు కూడా న్యుమోనియా దాకా తీసుకెళ్తాయి.

‘మా కేజ్ వాసనే రాదు’ అంటారు. మీరు నిలబడి చూస్తున్నారు కాబట్టి రాదు. దాని ముక్కు నేలకి రెండంగుళాల ఎత్తులో ఉంటుంది, అది కూడా చాలాసేపు గూటి లోపల. పైగా రోజూ అదే ఇంట్లో ఉండే ముక్కుకి ఆ వాసన అలవాటైపోతుంది.

కేజ్‌లో పరుపుగా ఫ్లీస్ (మెత్తని సింథటిక్ గుడ్డ) పరిచేవాళ్లకి ఇది మరీ దొంగచాటుగా వస్తుంది. మంచి ఫ్లీస్ తడిని కిందికి దించేసి తను పొడిగా ఉంటుంది. చెయ్యి పెడితే పొడే. పెంటికలు ఎప్పటికప్పుడు ఎత్తేస్తారు కాబట్టి చూడ్డానికీ శుభ్రమే. కింద పీల్చుకునే టవల్ మాత్రం నానిపోయి ఉంటుంది.

పొద్దున్నే, శుభ్రం చేయకముందు గూడు ఎత్తండి. దాని కింది ఫ్లీస్ లేపి, టవల్ మీద పొడి టిష్యూ పెట్టి అరచేత్తో అదమండి. టిష్యూ పసుపుగా తడిసినా, వంగినప్పుడు మీ కళ్లు చురుక్కుమన్నా ముందు దీని సంగతి చూడండి. పరుపుగా చెక్క పొట్టు వాడేవాళ్లు అదే చోట అడుగుదాకా తవ్వండి. పైన వదులుగా ఉన్నా అడుగున అట్టకట్టి ఉంటుంది. ట్రే మూలల్లో తెల్లగార కూడా చూడండి. వీటి మూత్రంలో కాల్షియం ఎక్కువ కాబట్టి అది పడుతుంది, సబ్బుకి లొంగదు, వాసనని పట్టి ఉంచుతుంది. వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి పోసి, పావుగంట నాననిచ్చి గీకితే వదులుతుంది. తర్వాత బాగా కడిగి ఆరబెట్టండి.

ఇవి ఎక్కువగా పోసేది గూటి కిందా, ఎండుగడ్డి పెట్టే దగ్గరా. ఆ రెండు చోట్లా విడిగా చిన్న ప్యాడ్ వేసి రోజూ మార్చండి. మిగతా పరుపు మూడు నాలుగు రోజులకోసారి, మహా అయితే వారానికి. దుప్పటి తీసేయండి, గోడకీ కేజ్‌కీ మధ్య బెత్తెడు సందు వదలండి. గాజు అక్వేరియంలో పెంచుతుంటే మార్చక తప్పదు, దానికి పక్కల నుంచి గాలి రాదు. ఫ్లీస్ ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే గుడ్డ తడిని దించడం మానేస్తుంది. వాసన పోవాలని రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి, ఒక ఘాటుకి రెండు ఘాట్లవుతాయి. ఇవన్నీ చేశాక రెండు మూడు రోజుల్లో తేడా కనబడకపోతే వెట్‌కి (పశువైద్యుడికి) చూపించండి.

అరికాళ్లు ఎర్రబడ్డాయి

తీగల నేల, లేదా పైన చెప్పిన తడే. తీగల నేల తీసేసి మెత్తని పొడి పరుపు వేయండి. పుండు కనబడితే వెట్ దగ్గరికే.

బోర్లా చాచుకుని పడుకుని రొప్పుతోంది, చొంగ కారుతోంది

ఇది ఆగే పని కాదు, వడదెబ్బ. చల్లని చోటికి మార్చి, చెవులకీ పాదాలకీ చల్లని తడిగుడ్డ అద్దుతూ వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పోయకండి. వీటికి 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది, 27 దాటితే ప్రమాదం మొదలవుతుంది. కేజ్ పెట్టినప్పుడు నీడే ఉంటుంది, ఎండ మధ్యాహ్నం మూడింటికి అక్కడికి చేరుతుంది. ఆ వేళకి వెళ్లి చూస్తే గానీ తెలియదు.

మిగతావి అరుదు. దుమ్ము రాలే ఎండుగడ్డి అయితే దులిపి వేయండి, దేవదారు పొట్టు అయితే పారేయండి. ముక్కు నుంచి చీమిడి, కళ్ల చుట్టూ పుసి, ఊపిరిలో గురక, మేత మానేయడం: వీటిలో ఏది కనబడినా కేజ్‌తో కుస్తీ పట్టకుండా ఆ రోజే వెట్‌కి చూపించండి.