కాళ్ళు నేల మీద నిలిపే యూదుల పద్ధతులు – మూడో పాఠం: ఓమెర్ లెక్క

పోయిన రెండు పాఠాల్లో పొద్దున్న లేవగానే చెప్పే "మోదె అనీ" ప్రార్థన, శుక్రవారం సాయంత్రం దీపాలు చూశాం కదా, మొదటిది చేస్తున్నవాళ్ళు ఆపకండి. ఈసారి లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు... అంతే. నేనూ ఇంతేనా అనుకున్నా, పదకొండో రోజుకే బోల్తా పడ్డా.

పస్కా (ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డ గుర్తుగా చేసే) పండగ రెండో రాత్రి నుంచి యూదులు 49 రోజులు లెక్కపెడతారు, 50వ రోజు షావుఓత్, అంటే తెలుగు బైబిల్లో వారాల పండుగ. ఈ లెక్క పేరు సెఫిరత్ హా ఓమెర్. ఓమెర్ అంటే గింజల కొలత, మన కుంచం లాంటిదే అనుకోండి. యెరూషలేము ఆలయం ఉన్న రోజుల్లో పస్కాకి కొత్త బార్లీ ఒక ఓమెర్ అర్పించేవాళ్ళు, 50వ రోజుకి కొత్త గోధుమలతో రెండు రొట్టెలు. మధ్యలో ఏడు వారాలూ గోధుమ చేలోనే ఉంటుంది, వడగాలి కొడుతుందో ఏమవుతుందో తెలీదు, పంట ఇంటికొచ్చేదాకా రైతుకి నిద్ర పట్టదు, అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చేశాక బార్లీ అర్పణ పోయింది కానీ లెక్క మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

నాకిది ఎలా తెలిసిందంటే, న్యూజెర్సీలో ఉండగా ఏప్రిల్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా వాళ్ళకి తెలుసు, ఉద్యోగం పోతే అమెరికాలో ఉండనిచ్చేది మహా అయితే 60 రోజులు. ఫోన్‌లో కౌంట్‌డౌన్ పెట్టుకున్నా, 60, 59, 58, పొద్దున్నే అది చూడగానే కడుపులో తిప్పేది. ఓ సాయంత్రం ఎదురింటి యూదు పెద్దావిడకి గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే ఫ్రిజ్ మీద గళ్ళ కాగితం, దాని మీద అంకెలు, ఏంటండీ ఇది, ఇవాళ ఎన్నో రోజు అని అడిగా. "నిన్న పది" అందావిడ. ఈవిడకి సరిగ్గా వినపడలేదేమో అనుకున్నా. కాదట, చీకటి పడ్డాక ఆ రోజు అంకె మాట్లోమాటగా నోట్లోంచి వచ్చేసినా లెక్క అయిపోయినట్టేనట, అందుకే ఇంకా లెక్కపెట్టనివాళ్ళు నిన్నటి అంకె చెప్తారు. భలే అనిపించింది.

ఇక పద్ధతి. మనకి సూర్యోదయంతో రోజు మొదలు, వాళ్ళకి సూర్యాస్తమయంతో. చీకటి పడి నక్షత్రాలు కనపడ్డాక నిలబడి, ముందు ఆశీర్వాదం చెప్పి, తర్వాత పైకి వినపడేలా "ఇవాళ పదకొండు రోజులు, అంటే ఒక వారం నాలుగు రోజులు" అనాలి. రోజులూ చెప్పాలి, వారాలూ చెప్పాలి. ఆ ఆశీర్వాదంలో "మాకు ఆజ్ఞాపించిన" అని ఉంటుంది, ఆ ఆజ్ఞ వాళ్ళకి, అందుకే నేనది వదిలేసి లెక్క ఒక్కటే తీసుకున్నా.

అన్నిటికన్నా గమనించాల్సింది, ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పరు, ఎన్నయ్యాయో చెప్తారు. మన దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి "లాభం" అని మొదలెడతారు చూడండి, రాశిలో ఇంకెంత ఉందని కాదు, బస్తాలో ఎంత పడిందని. నేను కౌంట్‌డౌన్ తీసేశా. వీసా డేట్ ఏం మారలేదు, నిద్ర మాత్రం పట్టింది.

మరి మర్చిపోతే? రాత్రి మర్చిపోతే మర్నాడు పగలు ఆశీర్వాదం లేకుండా లెక్కపెట్టుకోవచ్చు, ఆ రాత్రి నుంచి మళ్ళీ మామూలే. రోజంతా మర్చిపోతే చాలామంది అప్పట్నుంచి ఆశీర్వాదం మానేస్తారు, కానీ లెక్క ఆపరు. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టడం ఉండదు! నేను నా లెక్కలో పదకొండో రోజు ఇంటర్వ్యూ హడావిడిలో మర్చిపోయి, ఇక అంతే అని వదిలేయబోతే ఆవిడే ఈ రూల్ చెప్పింది.

కబాలా (యూదుల మార్మిక విద్య) పండితులు ఒక్కో వారానికి ఒక్కో గుణం కట్టారు, మొదటిది హెసెద్ (దయ), రెండోది గెవురా (నిగ్రహం), అలా ఏడు. ఇప్పుడే వాటిలోకి దిగొద్దు, తల తిరుగుతుంది.

ఈ వారం హోంవర్క్: పస్కా దాకా ఆగక్కర్లేదు, ఇవాళ చీకటి పడ్డాక లేచి నిలబడి "ఇవాళ ఒక రోజు" అనండి. మనసులో అనుకుంటే కుదరదు, నోటితో అనాలి. పక్కనవాళ్ళు వింతగా చూస్తే చూడనీండి. అన్నాకే కాగితం మీద గడి కొట్టేయండి.

నాలుగో పాఠంలో బ్రెస్లవ్ ఊరి రబ్బీ (యూదు గురువు) నాఖ్‌మన్ నేర్పిన హిత్‌బొదెదూత్, అంటే ఒంటరిగా కూర్చుని దేవుడితో పైకి మాట్లాడటం, అదీ రోజూ ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే, కాబట్టి మనం తెలుగులోనే కానిచ్చేద్దాం.